కుంకుమ అందని డబ్బాలు

తూంకుంటలో బస్సు దిగి ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పాత ఫంక్షన్ హాలు ఎక్కడని అడిగితే మాత్రం, అడిగిన మనిషి సరిగ్గా కూర్చునేలోపే ఆటో కదులుతుంది. చుట్టుపక్కల సగం మంది పెళ్లిళ్లు అక్కడే అయ్యాయి. తర్వాత కరీంనగర్ రోడ్డు పొడవునా కొత్త వెంచర్లు లేచాయి, వాటి వెంట బోలెడు కార్లు పట్టే పెద్ద పెద్ద హాళ్లు లేచాయి, ఈ హాలు ముఖం చూసేవాళ్లు లేకుండా పోయారు. యజమాని ఫణిభూషణ్ కొన్నాళ్లు ఈగలు తోలుకున్నాడు. చివరికి కుర్చీలు, వంటపాత్రలు అమ్మేసి కంప్యూటర్లు కొన్నాడు. వంటశాల జనరేటర్ గది అయింది. పెళ్లికూతురి గది, పరీక్ష రాసేవాళ్లు సంచులు పెట్టుకునే గది అయింది. వేదికను పగలగొట్టడానికి మాత్రం ఆయనకు మనసొప్పలేదు. నెమళ్లూ తామరపూలూ చెక్కిన సిమెంటు కమాను కింద, ఒకప్పుడు వధూవరులు కూర్చున్న చోట, ఇప్పుడు పద్మలత కూర్చుంటుంది.

పద్మలత ఆ కేంద్రానికి సిస్టమ్ ఇన్‌ఛార్జి. కింద హాల్లో వరుసగా ఉన్న కంప్యూటర్లన్నీ ఆమె చేతికిందే. ఆమెకు నల్లటి కుర్చీ ఒకటుంది. వెనక ఆనుకోవచ్చు, చేతులు పెట్టుకోవచ్చు, కాలితో నేలను తంతే గుండ్రంగా తిరుగుతుంది. ఆ కుర్చీలో ఆమె తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. ఫణిభూషణ్ కూడా కూర్చోడు. ఒకసారి కూర్చోబోతే పద్మలత ఊరికే నిలబడి చూసింది, అంతే. ఆయనకేదో ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్లిపోయాడు.

కుర్చీలో ఏముందిలే అనేవాళ్లు ఎప్పుడూ స్టూలు మీద బతకనివాళ్లు. పద్మలత దేవరయాంజాల్‌లో పుట్టింది. నాయిన కుర్మయ్య కాలిపోయిన బోరుమోటార్లకు తీగ చుట్టేవాడు. ఆమె పక్కన పీటమీద కూర్చుని తీగ అందించేది. ఇంటర్ అయ్యాక మేడ్చల్‌లో ఒక నెట్ సెంటర్‌లో చేరింది. అక్కడ కుర్చీలు గిరాకీలకు, ప్లాస్టిక్ స్టూలు ఆమెకు. తర్వాత ఒక జిరాక్సు షాపు, అక్కడ నిలబడడమే. ఆ తర్వాత ఒక బడిలో కంప్యూటర్ గది, అక్కడ పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేది. పెళ్లయి, ఆటో నడిపే పరమేశ్‌తో తూంకుంటకు వచ్చి, ఇన్నేళ్లకు ఆమెకంటూ ఒక కుర్చీ దొరికింది. అదీ పెళ్లివేదిక మీద.

మేడ్చల్ నెట్ సెంటర్ ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. ఒక ఎండాకాలం సాయంత్రం పిడుగు పడి అక్కడి కంప్యూటర్లన్నీ మాడిపోయాయి. మెయిన్ స్విచ్ ఆపకుండా షట్టర్ వేసి వెళ్లింది ఓనరే. కానీ నింద స్టూలు మీద పడింది. "గా పిల్లనే మరిసిపోయింది" అని ఆయన నలుగురిలో అన్నాడు, నలుగురూ నమ్మారు. అప్పటినుంచీ పద్మలతకు మెయిన్ స్విచ్ అంటే ఒక పట్టు. తూంకుంట హాల్లో చేరిన మొదటి రోజే ఆమె పెట్టిన నియమం ఒక్కటే: సాయంత్రం పనైపోగానే మెయిన్ బంద్. ఎండ కాసినా వాన కురిసినా బంద్.

ఆ పని చేసేది జయమ్మ. హాలంతా ఊడ్చి, తుడిచి, చివరగా మెయిన్ ఆపి, తాళం వేసి వెళ్తుంది. జయమ్మ శామీర్‌పేట చెరువు పక్కనుండే మనిషి. భర్త ఎల్లేష్ చేపలు పడతాడు. చెరువు నిండుగా ఉంటే ఇంట్లో ఆయన మాట నడుస్తుంది, చెరువు తగ్గితే జయమ్మ జీతం నడుస్తుంది. పద్మలత కంటే పదేళ్లు పెద్దది, పొట్టిది. నలుగురిలో "మేడం" అంటుంది, ఇద్దరే ఉంటే "పద్మా" అంటుంది. మధ్యాహ్నం ఇద్దరూ వేదిక మెట్లమీద కూర్చుని తింటారు. పద్మలత డబ్బాలో పప్పుంటే జయమ్మ డబ్బాలో చేపల పులుసుంటుంది, పద్మలత తన పప్పు సంగతి మర్చిపోతుంది.

ఇలా చల్లగా సాగిపోతున్న కాపురంలోకి ఎర్ర రంగు వచ్చింది.

పరీక్షలు పెట్టే సంస్థ దీపావళి వెళ్లాక కొత్త నియమం తెచ్చింది. ప్రతి కేంద్రానికీ ఒక భద్రతా ప్రోగ్రాం పంపింది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు అదే లేచి, తెరంతా ఆక్రమించుకుని, లోపల ఎవరైనా దొంగదారి పెట్టారా, తాళాలన్నీ సరిగ్గా పడ్డాయా అని తడిమి చూస్తుంది. బాగుంటే పచ్చ. బాగాలేకపోతే ఎరుపు. ఎందుకు ఎరుపో చెప్పదు. చెబితే దొంగలు జాగ్రత్తపడతారని దాని భయం. తనిఖీకి వెంకటరామయ్య అనే అధికారి వస్తాడనీ, పొద్దున్నే అన్ని కంప్యూటర్లూ పెట్టి చూస్తాడనీ, మొదటిసారి వచ్చిన రంగే లెక్క అనీ, ఒక్క ఎరుపు కనబడ్డా ఈ కేంద్రానికి పరీక్షలు రావనీ ఫోన్ వచ్చింది.

పద్మలత చీర కొంగు దోపి దిగింది. మొదటి రోజు పొద్దున్న నాలుగైదు ఎరుపులు. సరే, పట్టుకుందామని నాలుగో నంబరు ముందు కూర్చుని, అందులోని సరుకంతా తుడిచేసి కొత్తగా ఎక్కించింది. పొద్దంతా పట్టింది. సాయంత్రం పచ్చ. మర్నాడు పొద్దున కూడా నాలుగు పచ్చగా నవ్వింది. కానీ నిన్న మంచిగా ఉన్న పదకొండు ఎర్రబడింది. పదకొండును విప్పి, దులిపి, వైర్లు మార్చింది. దాని మర్నాడు పదకొండు పచ్చ, రెండు ఎరుపు. అసలు ఆశ్చర్యమేమిటంటే ఎర్రబడ్డవి కూడా మధ్యాహ్నం ఆపి మళ్లీ పెడితే బుద్ధిగా పచ్చబడేవి. రోగి డాక్టర్ దగ్గరికి వెళ్లగానే జ్వరం తగ్గినట్టు.

"ఏందిది, నాతోని దాగుడుమూతలాడుతున్నయా గివి?" అంది పద్మలత రెండో నంబరుతో. అది పచ్చగా చూస్తూ ఊరుకుంది.

ఫణిభూషణ్ రోజూ వచ్చి అడగడం మొదలుపెట్టాడు. ఆయన కొత్త కారు కొన్నాడు. దాని రిమోట్ ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది, మాట్లాడుతూ మాట్లాడుతూ నొక్కుతుంటాడు. బయట కారు కుయ్‌కుయ్‌మంటుంది.

"ఏమాయె పద్మలతా?" కుయ్.

"చూస్తున్న సార్."

"తనిఖీ దగ్గరికొస్తాంది. లోపం ఏడుందో గదన్న చెప్పు." కుయ్‌కుయ్.

ఆ రోజు పద్మలత పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎనిమిదో నంబరు విప్పి మళ్లీ బిగించి, అది మొదటినుంచీ బాగానే ఉందని తేల్చుకుని, పరేషాన్ అయి ఉంది. నోట్లోంచి ఒక మాట జారింది.

"జయమ్మ తడిబట్టతోని తుడుస్తది సార్. డబ్బాలల్ల నీళ్లు పోతున్నయో ఏమో. నీళ్లు పోతే గిట్లనే అయితది, ఒకపారి మంచిగ, ఒకపారి ఖరాబు."

అన్న మరుక్షణమే అది నిజం కాదని ఆమెకు తెలుసు. విప్పిన ఏ డబ్బాలోనూ చుక్క నీరు కనబడలేదు. కానీ ఏదో ఒకటి చెప్పేశాక వచ్చే హాయి ఉంటుంది చూడండి, పద్మలత ఆ పూటకు ఆ హాయిలో పడిపోయింది.

ఫణిభూషణ్ మాత్రం ఆ మాటను మూట కట్టుకున్నాడు. అదే వారం జయమ్మ అక్క కూతురి నిశ్చితార్థమని ఒకరోజు రాలేదు. మర్నాడు పొద్దున అన్నీ పచ్చ. ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడలేదు. ఫణిభూషణ్ రిమోట్ నొక్కడం కూడా మర్చిపోయాడు.

"సూసినవా? జయమ్మ తుడువలే, కంప్యూటర్లు చెడలే. నువ్వన్నది నూటికి నూరుపాళ్లు కరెక్టు. మా బామ్మర్దికి తెలిసినోళ్లు మిషన్‌తోని సాఫ్ చేసేటోళ్లున్నరు, నీళ్ల చుక్క గూడ పడది. ఈ నెల ఒడిసినంక జయమ్మను బంద్ జేద్దాం."

పద్మలత కుర్చీలోంచి లేచింది. "తొందరపడకుండ్రి సార్, ఇంకొకపారి చూస్త" అంది. ఆయన ఎప్పుడో నిర్ణయించేసుకున్నాడు. బయట కారు కుయ్‌మంది.

ఆ మధ్యాహ్నం జయమ్మ కొర్రమీను పులుసు తెచ్చింది. నిశ్చితార్థం కబుర్లు చెబుతూ పెద్ద ముక్క పద్మలత డబ్బాలో వేసింది. పద్మలత ఆ ముక్కను అంచుకు జరిపి, చివరికెప్పుడో తింది. మేడ్చల్‌లో ఆ ఓనర్ నలుగురి ముందూ చెయ్యెత్తి తనను చూపించడం గుర్తొచ్చింది. ఆ మనిషిని ఇన్నేళ్లు తిట్టుకుంది. ఇప్పుడు తానూ వేలు చూపించింది, అదీ తనకు ముల్లు తీసి చేప పెట్టే మనిషి వైపు. అసలు లోపం పట్టుకోకపోతే నెలాఖరుకు జయమ్మ ఇంట్లో కూర్చుంటుంది, తాను కమాను కింద కూర్చుంటుంది. ఆ ఊహకే ఆమెకు తన మీద అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున మళ్లీ ఎరుపులు. ఈసారి మొదటి వరుసలో రెండు, నడిమి వరుసలో మూడు. పద్మలత బల్లకింద దూరి, ఎర్రబడ్డ ఒక డబ్బా దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సీపీయూ అని పిలిచే ఆ నల్ల డబ్బా ముఖాన పసుపు బొట్టు ఉంది. దసరానాడు ఆయుధపూజకు పెట్టినది. వాహనాలకూ పనిముట్లకూ పెట్టినట్టే ఫణిభూషణ్ కంప్యూటర్లన్నిటికీ పసుపు పెట్టి, మీద కుంకుమ దిద్దించాడు. దీనికి పసుపుంది, కుంకుమ లేదు.

పక్క డబ్బా చూసింది. అది పచ్చ వచ్చింది. దానికి కుంకుమ ఉంది. ఎర్రబడ్డ రెండోదాని దగ్గరికి మోకాళ్లమీదే పాకింది. కుంకుమ లేదు. నడిమి వరుసలోవీ అంతే. ఎర్రవాటికి ఒక్కదానికీ కుంకుమ లేదు.

పద్మలత దేవుణ్ణి నమ్మని మనిషేమీ కాదు. అప్పుడే బయట కారు కుయ్‌మంది. "సార్, గివిటికి దసరకు కుంకుమ పెట్టలే" అంది బల్లకింద నుంచే.

ఫణిభూషణ్‌కు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అవునవును, ఆ రోజు కుంకుమ పొట్లం మధ్యలోనే అయిపోయింది, తన కొత్త కారుకు కాస్త ధారాళంగా పెట్టాడు కదా, అని తనే ఒప్పుకున్నాడు. పరుగున వెళ్లి కుంకుమ తెచ్చాడు. ఎర్ర డబ్బాలన్నిటికీ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు వెలిగించి, మధ్యాహ్నం మళ్లీ పెట్టించాడు. అన్నీ పచ్చ.

"అమ్మవారు అలిగింది, ఇగ శాంతించింది" అని చెమట తుడుచుకున్నాడు.

"మరి జయమ్మది తప్పు లేనట్టే గద సార్?"

"అది వేరు, ఇది వేరు" అన్నాడు ఫణిభూషణ్. "నీళ్లు నీళ్లే, కుంకుమ కుంకుమే." కుయ్‌కుయ్.

అమ్మవారి శాంతి మర్నాటి పొద్దుటి దాకా నిలిచింది. మళ్లీ ఐదు ఎరుపులు, ఈసారి వేరే చోట. పద్మలత వంగి చూస్తే వాటి ముఖాన నిన్నటి తాజా కుంకుమ ఎర్రగా మెరుస్తోంది. మిగతావాటి దసరా కుంకుమ వెలిసిపోయి గోధుమరంగుకు తిరిగింది. అంటే ఇవి నిన్నటివే. నిన్న మొదటి వరుసలో ఉన్నది ఇవాళ చివర్న ఉంది.

ఆమె నేలమీద కూలబడి నవ్వింది. ఇన్నాళ్లూ ఒక ఎరుపు పదిచోట్ల తిరగడం కాదు, డబ్బాలే తిరుగుతున్నాయి. నంబరు కాగితాలు అంటించింది పైనున్న మానిటర్ల మీద. బల్లకింద డబ్బాలకు నంబర్లు లేవు. నాలుగో నంబరని విప్పింది ఒకటి, మర్నాడు నాలుగో నంబరని చూసింది ఇంకొకటి.

"అక్కా, తుడిచేటప్పుడు గీ డబ్బాలు ఏం జేస్తవ్?" అని అడిగింది జయమ్మను.

"అన్ని పీకి నడుమకు గుంజుత. కింద మంచిగ తుడిసి మళ్ల పెడుత."

"ఎవ్వలది వాళ్ల జాగలనే పెడుతవా?"

జయమ్మ విచిత్రంగా చూసింది. "అన్ని ఒక్కతీరుగనే ఉన్నయ్ గదనే. ఏది చేతికొస్తె అది పెడుత. వైర్లు మంచిగనే గుచ్చుతున్న గద?"

వైర్లు గుచ్చడం పద్మలతే నేర్పింది. డబ్బాకో చోటు ఉంటుందని చెప్పడం మర్చిపోయింది. దసరానాడు కుంకుమ అందనిది చివరి వరుసకు. చివరి వరుసలో ఆ పొద్దునే కొత్తగా చేర్చినవి, ఎక్కడో మూతపడ్డ ఆఫీసు నుంచి ఫణిభూషణ్ తెచ్చిన పాత డబ్బాలు. పైకి అన్నీ ఒకేలా కనబడతాయి. కాబట్టి రోగం తెలియకపోయినా రోగులెవరో తెలిసింది.

ఐదింటినీ వేదికమీదికి చేర్చి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు కమాను కింద వరుసగా పెట్టింది. సాయంత్రం జయమ్మ మామూలుగానే మెయిన్ ఆపి వెళ్లింది. పద్మలత మర్నాడు అందరికంటే ముందొచ్చి, నెట్ వైరు పీకేసి, ఒక డబ్బాను ఆన్ చేసింది. భద్రతా ప్రోగ్రాం లేవకముందే మీట నొక్కి లోపలి తెర తెరిచింది. అందులో ఒక మూల తేదీ ఉంది. చూసి కళ్లు నులుముకుంది. ఆ డబ్బా లెక్క ప్రకారం ఈ హాల్లో ఇంకా పెళ్లిళ్లు జరుగుతున్నాయి. పద్మలత మేడ్చల్‌లో స్టూలు మీదే ఉంది.

అప్పుడర్థమైంది. ప్రతి డబ్బాలోనూ రూపాయి బిళ్లంత సెల్లు ఒకటుంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఈ పాతవాటిలో అది చచ్చిపోయింది. సాయంత్రం కరెంటు పూర్తిగా పోగానే వీటికి కాలం మతి తప్పి, పొద్దున ఏ పాత సంవత్సరంలోనో లేస్తాయి. భద్రతా ప్రోగ్రాం తన తాళాల తేదీ చూసుకుంటుంది. ఇంకా పుట్టని తాళం ఎలా వచ్చిందబ్బా అని ఎర్రబడుతుంది. కాసేపయ్యాక నెట్ తగిలి, సరైన తేదీ వచ్చి పడుతుంది. ఇక మధ్యాహ్నం పెడితే పచ్చ. కుంకుమ పెట్టినా పచ్చే, పెట్టకపోయినా పచ్చే.

సంతోషంతో కుర్చీని ఒక చుట్టు తిప్పింది. రెండో చుట్టు తిరగబోయి కాలు నేలకు ఆనించి ఆపేసింది.

కరెంటు పూర్తిగా పోతేనే కదా మతి తప్పేది. జయమ్మ రాని రోజు ఎందుకు తప్పలేదు? ఆ సాయంత్రం పరమేశ్ గేటు దగ్గర ఆటో ఆపి హారన్ మీద హారన్ కొడుతుంటే తాను హడావిడిగా తాళం వేసి వెళ్లిపోయింది. మర్నాడు తలుపు తీసేసరికి ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మెయిన్ ఆపడం మర్చిపోయానని తెలిసి, ఎవరూ చూడకుండా గప్‌చుప్‌గా ఊరుకుంది. జయమ్మ మీద సాక్ష్యమని ఫణిభూషణ్ ఎగిరింది ఆ పొద్దునే. చెడగొట్టింది తడిబట్ట కాదు. మెయిన్ బంద్ చెయ్యమన్న నియమం. ఆ నియమం తనది.

ఐదు బిళ్ల సెల్లులు తెచ్చి వేసేస్తే చాలు, తనిఖీలో అన్నీ పచ్చబడతాయి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తన కుర్చీకి ఢోకా లేదు. కానీ ఫణిభూషణ్ లెక్కలో నీళ్లు నీళ్లే. జయమ్మ పోతుంది. పద్మలత ఆ లెక్కను తలలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా జయమ్మ పోతూనే ఉంది.

బయట కుయ్‌మంది. ఆయన వచ్చాడు.

"సార్, దొరికింది" అంది, లేచి నిలబడి. సెల్లు సంగతి చెప్పింది. తేదీ చూపించింది. ఫణిభూషణ్ ఆ తేదీ చూసి, ఆ ఏడు ఈ హాల్లో ఎన్ని బుకింగులుండేవో అని ఒక నిట్టూర్పు విడిచాడు.

"జయమ్మ తప్పేం లేదు సార్. మెయిన్ బంద్ జెయ్యమన్నది నేను. జయమ్మ రాని దినం బంద్ జెయ్య మరిసిపోయింది నేను. తడిబట్టతోని ఖరాబయితున్నయన్నది గూడ నేనే, అది తెల్వక అన్న మాట. నోటికొచ్చింది అన్న."

ఫణిభూషణ్ కోప్పడదామని ఊపిరి పీల్చుకున్నాడు గానీ, పాత డబ్బాలు కొన్నదెవరో గుర్తొచ్చినట్టుంది, ఆ ఊపిరి మామూలుగానే బయటికి వచ్చింది.

"నువ్వన్నవనే గద నేనన్న?"

"అవును సార్."

"అయితే మా బామ్మర్దికి ఏం జెప్పాలె?"

"జయమ్మ ఉంటదని చెప్పుండ్రి."

సెల్లుల కోసం పరమేశ్‌ను ఆటోలో మేడ్చల్‌కు తరిమింది. అక్కడి గడియారాల దుకాణంలో దొరికినవన్నీ తెచ్చాడు. ఒకటి తక్కువైంది. రేపు పొద్దున్నే తనిఖీ. శామీర్‌పేటంతా తిరిగొచ్చినా ఆ కొలత బిళ్ల దొరకలేదు. పద్మలత మెల్లగా ఫణిభూషణ్ చేతివైపు చూసింది.

"సార్, గా రిమోట్‌ల గూడ గిదే సెల్లుంటది."

ఆయన రిమోట్‌ను గుండెకు హత్తుకున్నాడు. చివరికి ఇచ్చాడు. ఇచ్చేముందు ఆఖరుసారి ఒకటి నొక్కాడు.

వెంకటరామయ్య బక్కగా, మాట తక్కువ మనిషి. పొద్దున్నే వచ్చి, అందరినీ పక్కకు జరగమని, తన చేత్తోనే మెయిన్ ఆపేశాడు. ఆపి, టీ తెమ్మన్నాడు. ఆ టీ ఆయన తాగినంతసేపూ పద్మలత కమాను కింద నిలబడి నెమళ్లను చూస్తూ ఉంది. తర్వాత ఆయన మెయిన్ వేసి, ఒక్కొక్కటీ పెట్టించుకుంటూ నడిచాడు. మొదటి వరుస పచ్చ. నడిమి వరుస పచ్చ. చివరి వరుసలో, ఎవరి చోటికి వాళ్లు చేరిన పాత డబ్బాల దగ్గర, తాజా కుంకుమ చూసి ఒకసారి ఆగాడు. అవీ పచ్చ. కారు రిమోట్ సెల్లు వేసిన డబ్బా అన్నిటికంటే త్వరగా పచ్చబడింది.

సాగనంపడానికి వెళ్లిన ఫణిభూషణ్, ఆయన్ను బస్టాండు దాకా దింపుతానని కారు తలుపును తాళంచెవితో తెరిచాడు. కారు ఊరుకోలేదు. దొంగ పడ్డాడనుకుని రోడ్డంతా వినబడేలా కూయడం మొదలుపెట్టింది. ఆపడానికి రిమోట్ లేదు.

"మీ కారుకు ఎరుపొచ్చింది" అన్నాడు వెంకటరామయ్య, ఆటో ఎక్కుతూ.

మధ్యాహ్నం మెట్లమీద డబ్బాలు తెరిచారు. పద్మలత తన డబ్బా మూత తీయకుండానే మొదలుపెట్టింది.

"అక్కా, నీ తడిబట్టతోనే కంప్యూటర్లు ఖరాబయితున్నయని సార్‌తోని నేనే అన్న. నిన్ను బంద్ జేద్దామనుకున్నడు. నిన్న నేనే మళ్ల చెప్పిన, నీది తప్పు లేదని."

జయమ్మ చేపముక్కలో ముల్లు తీస్తోంది. తీయడం ఆపలేదు.

"నాకెరికే" అంది.

"ఎట్లెరిక?"

"నువ్వన్న దినం నేను పెండ్లిపిల్ల అర్రల ఊడుస్తున్న. అన్ని ఇనవడ్డయ్."

పద్మలతకు ఆ రోజు తర్వాత తిన్న కొర్రమీను గుర్తొచ్చింది, ఆ పెద్ద ముక్క గుర్తొచ్చింది. "మరి అడగలేదేందక్కా?"

"అడిగితే అనలేదందువు. నీతోని అబద్ధమాడిచ్చుడెందుకు? నువ్వే చెప్తవేమో, చూద్దామనుకున్న." ముల్లు తీసిన ముక్క ఎప్పట్లాగే పద్మలత డబ్బాలో వేసింది. "చెప్పకపోతే గీ ముక్కలు ఎల్లేష్ తింటుండె."

పద్మలత కళ్లు తుడుచుకుంది. పులుసు ఘాటని చెప్పింది. ఆ రోజు పులుసులో కారమే లేదు.

"ఒక్కటి అడుగుత" అంది జయమ్మ చేతులు కడుక్కుంటూ. "ఇయ్యాల నువ్వు తుడువు. నేను గా కుర్చీల కూసుంట."

ఆ సాయంత్రం పద్మలత డబ్బాలన్నీ నడుమకు గుంజి, హాలంతా తుడిచింది. సగం వరుసకే నడుం పట్టేసింది. జయమ్మ వేదికమీద నల్ల కుర్చీలో, నెమళ్ల కింద, కాళ్లు నేలకు అందక ఆడిస్తూ కూర్చుంది. ఒకసారి అటు తిరిగింది, ఒకసారి ఇటు తిరిగింది. తర్వాత ఆ కుర్చీ పక్కనున్న పిడి ఏమిటో కనిపెట్టి, సీటును సర్రున కిందికి దింపుకుని, పాదాలు బండలమీద ఆనించింది.

"మేడం, ఆ మూలకు మిగిలింది" అని వేలు చూపించింది.

పద్మలత వెళ్లి ఆ మూల తుడిచింది. ఏ డబ్బాను ఆ డబ్బా చోట్లోనే పెట్టి, వైర్లు గుచ్చింది. జయమ్మ లేచి ఎప్పటిలాగే మెయిన్ బంద్ చేసింది.

మర్నాడు పొద్దున పద్మలత వచ్చి కుర్చీలో కూర్చోగానే మోకాళ్లు బల్లకు తగిలాయి. సీటు జయమ్మ దింపినంత కిందే ఉంది. పిడిమీద చెయ్యి వేసింది. మళ్లీ పిడి వదిలేసి, మోకాళ్లు పక్కకు పెట్టుకుని పని మొదలుపెట్టింది.